లెక్కల మేష్టారికి నేను రాసిన మెమో

ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఆఖరి తొమ్మిదేళ్ళు నేను హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా పనిచేశాను. ఆ తొమ్మిదేళ్ళలో ఏడు మెమోలు రాశాను. ఈ మధ్యే టీచర్లుగా చేరిన మీకు మెమో రుచి ఇంకా తెలిసి ఉండదు. మన కింద పనిచేసేవాళ్ళు తప్పు చేశారని అనిపించినప్పుడు సంజాయిషీ అడిగే కాగితం అది. ఆరు మెమోల విషయంలో నాకు ఏ బాధా లేదు. ఒకాయన బడి వేళప్పుడు పొగాకు వేలం దగ్గర కనబడేవాడు. అలాంటివాటికి ఇప్పుడైనా రాస్తాను. ఏడోది కరోనా మొదటి ఏడాది, బడులు మూసి ఉన్నప్పుడు, మా లెక్కల మేష్టారికి రాశాను.

టీచర్లంతా ఆ ఏడాది ఇళ్ళల్లో కూర్చుని జీతం తిన్నారని అనేవాళ్ళు నాకు ఇప్పటికీ బస్సుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ తగులుతుంటారు. వాళ్ళతో వాదించడం మానేశాను. ఒకప్పుడు నేనూ ఒక మనిషి గురించి అలాగే అనుకున్నాను గనక, వాదించే హక్కు నాకు సగమే ఉంది.

మా బడి అద్దంకి నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఉంటుంది. అటూ ఇటూ పత్తి, మిరప చేలు. పిల్లల్లో ఎక్కువమంది కూలి ఇళ్ళవాళ్ళు. వేసవిలో మూసిన బడి జూన్‌లో తెరవలేదు. పాఠాలు ఫోన్లలో చెప్పమన్నారు, టీవీలో చూడమని పిల్లలకి చెప్పమన్నారు. టీచర్లు వారానికి ఒకరోజు బడికి వచ్చి సంతకం పెట్టాలి. మిగతా రోజుల్లో సాయంత్రం అయిదయ్యేసరికి, ఎవరి పాఠం ఎంతమంది పిల్లలకి చేరిందో నాకు అంకె పంపాలి. నేను వాటన్నిటినీ కలిపి పై ఆఫీసుకి పంపాలి.

మావాళ్ళు పాట్లు పడ్డారు. హిందీ టీచరుగారిది రెండు గదుల ఇల్లు, ముగ్గురు పిల్లలు, మంచం మీద మామగారు. చప్పుడు లేని చోటు దొరక్క స్నానాల గదిలో నిలబడి పాఠం రికార్డు చేసేది. ఆ వీడియోల్లో ఆమె వెనక నీలం రంగు బకెట్టు ఒకటి కనబడుతుండేది. డ్రిల్లు మేష్టారు కొత్త పుస్తకాలు మోటారు సైకిలు మీద వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చాడు. ఇవన్నీ నేను కళ్ళారా చూశాను కాబట్టి నాకు లెక్కకొచ్చాయి.

లెక్కల మేష్టారు మాత్రం ఏం చేస్తున్నారో నాకు కనబడలేదు. అప్పటికి ఆయనకి యాభై ఏడు దాటాయి. పక్క ఊళ్ళో సొంత ఇల్లు, పాత స్కూటరు, నొక్కుడు బటన్ల ఫోను. కొడుకు బలవంతం మీద పెద్ద ఫోను కొన్నారు గానీ, దాన్ని చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టెతోపాటు పెట్టుకునేవారు, ఎవరో దాచమని ఇచ్చినట్టు. మొదటి రెండు వారాలూ పాఠాలు రికార్డు చేసి గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత పాఠాలు ఆగిపోయి, ఆయన దగ్గర్నుంచి ప్రతి సాయంత్రం ఒకటే అంకె రావడం మొదలైంది. సున్నా.

మిగతా టీచర్లు ముప్పై, ముప్పై రెండు అని పంపేవారు. నిజం చెప్పాలంటే, అవి చదివిన పిల్లల అంకెలు కావు. ఫోనుకి సందేశం చేరితే పడే రెండు గుర్తుల్ని మేం లెక్కపెట్టేవాళ్ళం. ఆ ఫోను నాన్న జేబులో గుంటూరు మార్కెట్‌లో ఉందో, రీచార్జి అయిపోయి గూట్లో ఉందో మాకు తెలియదు. తెలియదనడం కూడా సరికాదు. తెలుసుకోలేదు.

పది రోజులు చూసి ఆయనకి ఫోను చేశాను. సున్నా ఏమిటని అడిగాను.

"ఫోనులో నా పాఠం ఎవరికీ చేరలేదండి. అందుకని అలా రాశాను," అన్నారు.

చేరేలా చూడాలి కదా అన్నాను. చూస్తున్నానండీ అన్నారు. మర్నాడు మళ్ళీ సున్నా వచ్చింది.

ఆ వారం మా అధికారి వీడియో మీటింగు పెట్టారు. నలభై మంది హెడ్మాస్టర్లం చిన్నచిన్న గళ్ళల్లో కూర్చున్నాం. మా బడి అంకెలు చదివి, మీ దగ్గర లెక్కల టీచరు ఉన్నారా లేరా అని అడిగారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు రోజంతా చెవిలో వినబడుతూనే ఉంది. సాయంత్రం కూర్చుని మెమో రాశాను. విధుల పట్ల నిర్లక్ష్యం వహించుచున్నారని, మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెనని. నకలు పై ఆఫీసుకి కూడా పంపాను. ఆ నకలు పంపడంలో, నా తప్పేమీ లేదని చూపించుకోవాలన్న తొందర ఉంది.

ఆయన జవాబు మూడు ముక్కల్లో వచ్చింది. గుండ్రటి చేతిరాత. "తమరి మెమో అందినది. బోధన జరుగుచున్నది. ఫోను ద్వారా జరుగుట లేదు."

నాకది పొగరుగా కనబడింది. ఫోను ద్వారా కాకపోతే ఎలా జరుగుతోందని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగకుండా కాగితాన్ని ఫైలులో పెట్టేశాను.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి. ఒక సాయంత్రం నేను ఆటోలో అద్దంకి వెళ్తుంటే ముందు ఒక ట్రాక్టరు పోతోంది. దాని వెనక తగిలించిన ట్రక్కు నిండా కలుపు తీసి వస్తున్న ఆడవాళ్ళు. ట్రక్కు వెనక తలుపు మీద సుద్దతో ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ సూత్రం, కింద రెండు లెక్కలు రాసి ఉన్నాయి. బడి లేకపోయేసరికి పిల్లలు ట్రక్కుల మీద కోతిపనులు చేస్తున్నారనుకున్నాను. ఎవరి చేతిరాతో కూడా పోల్చుకోలేదు. అన్నేళ్ళు ఆ గుండ్రటి అంకెల్ని నల్లబల్ల మీద చూసినదాన్ని.

మెమోకి జవాబు వచ్చిన తర్వాతి వారం, నేను బడికి వెళ్ళిన రోజున, ఒకామె ఆఫీసు గది బయట నిలబడి ఉంది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మా పదో తరగతిలో చదివే ఒకమ్మాయి తల్లి. పేటలో, చర్చి పక్క వీధిలో ఉంటారు.

"సారు నాలుగు రోజుల్నించి రావటల్లేదమ్మా. ఒంట్లో బాగుండలేదా?" అంది.

ఎక్కడికి రావడం లేదని అడిగాను.

"చేలోకమ్మా. మధ్యాన్నం అన్నాలప్పుడు వస్తారుగా."

నేను ఆమెని లోపలికి పిలిచి కుర్చీ చూపించాను. కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. బడి లేక పిల్లలు తల్లులతోపాటు పత్తిచేలల్లో కలుపుకి, మిరపనారు నాటడానికి వెళ్తున్నారు. సారు మొదట వీళ్ళ వీధికి వచ్చి చూశారు. పగలు పిల్లలు ఎవరూ ఇళ్ళ దగ్గర లేరు. ఎక్కడున్నారో కనుక్కుని ఆ చేలకే స్కూటరు మీద వెళ్ళారు. మధ్యాహ్నం అన్నాలు తిని కాసేపు ఆగే వేళకి రోజూ వచ్చేవారు. గట్టు మీద పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి, ముఖాలకి గుడ్డలు కట్టించి, ట్రక్కు వెనక తలుపు మీద సుద్దతో లెక్కలు చెప్పేవారు. మొదట్లో చేను ఆసామి గొణిగాడట. వారం తిరిగేసరికి ఆయనే నల్లరంగు డబ్బా తెచ్చి తలుపుకి పూయించాడు. సాయంత్రం ట్రక్కు ఊళ్ళో ఆగినప్పుడు, చేలోకి రాని పిల్లలు కూడా పుస్తకాలు తెచ్చి ఆ తలుపు మీది లెక్కలు ఎక్కించుకునేవారట.

"ఆయన వస్తన్నారని మా పిల్ల పుస్తకం సంచిలో పెట్టుకొచ్చేదమ్మా. ఇప్పుడు ఇంటికాడ వదిలేసి వస్తంది. రేపు పత్తి తీతలు మొదలైతే ఇంక దాన్ని ఆపటం నా వల్ల కాదు. పనికి అలవాటు పడింది."

నాలుగు రోజులుగా ఆయన సున్నా కూడా పంపకపోతే, మెమోకి అలిగారనుకుని ఊరుకున్నాను. ఆమె వెళ్ళగానే మేష్టారి ఇంటికి ఫోను చేశాను. ఆయన భార్య ఎత్తారు. తోడల్లుడు పోతే చూడటానికి వెళ్ళి వచ్చిన మూడో రోజున జ్వరం తగిలిందట. ఊపిరి ఆడకపోతే ఒంగోలు ఆస్పత్రిలో చేర్చారు. ఆక్సిజన్ పెట్టారు. ఆవిడ ఏడవడం లేదు. చాలా మర్యాదగా మాట్లాడారు.

"మేడం, మీ మెమోకి ఇంకా ఏమైనా జవాబు రాయాలాండి? నిన్న ఆయన అడిగారు. నేను రాసి ఆయన చేత సంతకం పెట్టిస్తాను," అన్నారు.

అక్కర్లేదన్నాను. క్షమించమని అడగడానికి కూడా ఫోను అవతల మనిషికి తీరిక ఉండాలి.

మర్నాడు మధ్యాహ్నం నేను ఆ చేలోకి వెళ్ళాను. నాది జీవశాస్త్రం. హెడ్మిస్ట్రెస్‌నయ్యాక క్లాసు చెప్పడమే తగ్గిపోయింది, ఇక లెక్కలు చెప్పి ఎరగను. రాత్రి పదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని తయారయ్యాను. తుమ్మచెట్టు నీడలో ఆడవాళ్ళు క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. పిల్లలు పద్నాలుగు మంది. నన్ను చూసి, పనిలోకి వచ్చినందుకు తిట్టడానికి వచ్చాననుకుని ఇద్దరు పత్తిచెట్ల వెనక్కి పోయారు. వాళ్ళని పిలిచి కూర్చోబెట్టడానికే పది నిమిషాలు పట్టింది.

వర్గ సమీకరణం ఒకటి తీసుకుని ట్రక్కు తలుపు మీద రాశాను. ఎక్స్ స్క్వేర్ మైనస్ అయిదు ఎక్స్ ప్లస్ ఆరు ఈక్వల్ టు సున్నా. దాన్ని విడగొట్టి, ఎక్స్ ప్లస్ రెండు, ఎక్స్ ప్లస్ మూడు అని ధైర్యంగా రాసి వెనక్కి తిరిగాను. ముందురోజు బడికి వచ్చినామె కూతురు, సన్నగా పొడుగ్గా ఉండే పిల్ల, కాసేపు తటపటాయించి లేచి నిలబడింది.

"మేడం, రెండు చోట్లా మైనస్ రావాలండి. సారైతే రాసింది మళ్ళీ గుణించి చూసుకోమంటారు."

గుణించి చూశాను. మైనసే. చెరిపి దిద్దాను. అన్నం తింటున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకి నాకు కోపం రాలేదు. నవ్వినవాళ్ళలో ఆ పిల్ల తల్లి కూడా ఉంది. ఆమె నన్ను చూసి కాదు, కూతుర్ని చూసి నవ్వుతోంది.

ఆ వారం బడిలో అందర్నీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. ఎవరినీ చేలకి వెళ్ళమని అడగలేదు. ఆ పరిస్థితుల్లో అడిగే అధికారం నాకు లేదు. ఇళ్ళల్లో ముసలివాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు. హిందీ టీచరుగారు తనకి చేతకాదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె స్నానాల గది పాఠాలు కొందరికైనా అందుతున్నాయి, అవే చెప్పమన్నాను. డ్రిల్లు మేష్టారు, సైన్సు టీచరు తమంతట తామే రోజులు పంచుకున్నారు. చేతులు కడుక్కోవడానికి డ్రిల్లు మేష్టారు ఒక నీళ్ళ డబ్బా, సబ్బు వెంట తీసుకెళ్ళేవాడు. నేను వారానికి రెండు రోజులు వెళ్ళాను. వెళ్ళేముందు లెక్కలన్నీ రెండుసార్లు గుణించి చూసుకున్నాను.

మధ్యలో మేష్టారు కోలుకుంటున్నారని తెలిసింది. పేటలో చర్చిలో ఆదివారం మైకులో ఆయన కోసం ప్రార్థన చేశారు. ఆయన పేరు వాళ్ళకి సరిగ్గా తెలియదు. లెక్కల సారు కోసం అనే అన్నారట.

ఆక్సిజన్ తీసేసి ఇంటికి పంపాక, ఒకరోజు ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడగలిగారు. అప్పుడు అడిగాను, జవాబులో చేల సంగతి ఎందుకు రాయలేదని. మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి చెప్పారు.

"పిల్లలు చేలో పనిచేస్తున్నారని కాగితం మీద పెడితే, ముందు వాళ్ళ అమ్మలకి చుట్టుకుంటుందండి. తర్వాత ఆ ఆసామికి. నాకేముంది, ఒక మెమో."

పిల్లలు చేలో ఉండకూడదని ఆయనకి నాకంటే ఎక్కువ తెలుసు. బడి మూసి ఉన్నంత కాలం ఆ మాట ఎవరి ముందు నిలబడి చెప్పాలో మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

మళ్ళీ వీడియో మీటింగు వచ్చింది. అప్పటికి నా రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఈ వయసులో కోరి తల మీదకి తెచ్చుకోవద్దని మా ఆయన చెప్పారు. అధికారి మా బడి పేరు పిలిచి అంకెలు చెప్పమన్నారు. మంచినీళ్ళు తాగి చెప్పాను. మా పదో తరగతిలో ఫోను పాఠం నిజంగా చేరుతున్నది తొమ్మిది మందికి. మిగతావాళ్ళకి మా టీచర్లు పిల్లలున్న చోటికి వెళ్ళి చెబుతున్నారు. ఆ చోటు ఏదో నేనూ చెప్పలేదు.

"మరి ఇన్నాళ్ళూ మీరు పంపిన ముప్పైలు?" అని అడిగారు.

"తప్పు లెక్కలండి. కలిపి పంపింది నేనే. మా లెక్కల మేష్టారొక్కరే సరైన అంకె రాశారు. ఆయనకిచ్చిన మెమో వెనక్కి తీసుకుంటున్నాను."

అప్పుడు ఆ గళ్ళల్లో చివరి వరుసలో ఒక హెడ్మాస్టరు, నాకంటే చాలా చిన్నవాడు, నెమ్మదిగా అన్నాడు. "మాకూ ఏడుగురికే అందుతోందండి." తర్వాత ఇంకొకావిడ, మా దగ్గర అయిదుగురికండి అంది. అంతే. మిగతావాళ్ళెవరూ మాట్లాడలేదు. మీటింగు అయ్యాక ఇద్దరు నాకు విడిగా ఫోను చేసి, తాము నోరు విప్పలేకపోయామని బాధపడ్డారు. నేను వాళ్ళని ఏమీ అనలేదు. రెండు నెలల కిందట నేనూ వాళ్ళలోనే ఉన్నాను.

అధికారి కూడా చెడ్డమనిషి కాదు. ఆయన మీద పైవాళ్ళున్నారు. రేపటి నుంచి ఉన్నది ఉన్నట్టు పంపండి అన్నారు. తప్పు లెక్కలు పంపినందుకు వారం తిరిగేలోగా నాకు మెమో వచ్చింది. ముప్పై రెండేళ్ళలో నేను అందుకున్న మెమో అదొక్కటే. సంజాయిషీలో తప్పు ఒప్పుకుని, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని రాశాను. ఆ కాగితం నా సర్వీసు కాగితాలతోపాటు ఇప్పటికీ ఇంట్లో ఉంది.

నవంబరులో తొమ్మిది, పది తరగతులకి బడి తెరిచారు. అప్పటికి పత్తి తీతలు జోరుగా సాగుతున్నాయి. మొదటి రోజు ఎంతమంది వస్తారోనని గేటు దగ్గరే నిలబడ్డాను. ఆ సన్నపాటి పొడుగు పిల్లని తల్లే స్వయంగా తీసుకొచ్చింది. తను తలకి గుడ్డ చుట్టుకుని చేలోకి పోవడానికి తయారై ఉంది. కూతుర్ని గేటు లోపలికి పంపి, అది వరండా ఎక్కేదాకా చూసి, ట్రక్కు పోతుందని పరుగున వెళ్ళిపోయింది.

చేలల్లో పాఠాలు విన్న పద్నాలుగు మందిలో పదకొండు మంది వచ్చారు. ముగ్గురు రాలేదు. ఇద్దర్ని డ్రిల్లు మేష్టారు ఇళ్ళకి వెళ్ళి మాట్లాడి డిసెంబరులో తీసుకొచ్చాడు. ఒక పిల్లవాడి కుటుంబం పనికోసం ఊరే మారిపోయింది. వాడి సంగతి తర్వాత నాకు తెలియలేదు.

లెక్కల మేష్టారు ఇంకో పది రోజులకి వచ్చారు. చొక్కా వదులైపోయింది. ఇంకొన్నాళ్ళు సెలవు తీసుకోమంటే వినలేదు. ఆఫీసు గదిలో మెమో రద్దు చేసిన కాగితం ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. నేను చెప్పాలనుకున్నదంతా ముందే తయారు చేసుకుని ఉన్నాను. నోరు తెరిచేలోపే ఆయన, పిల్లలు ఎదురు చూస్తున్నారండీ అని లేచి వెళ్ళారు.

పూర్వం ఆయన క్లాసు చెబుతుంటే నా గదిలోకి వినబడేది. ఆ రోజు ఏమీ వినబడలేదు. కాసేపు చూసి నేనే లేచి పదో తరగతి గది దాకా వెళ్ళాను. మేష్టారు కుర్చీలో కూర్చుని, మాస్కులోంచి చిన్న గొంతుతో సరూప త్రిభుజాలు చెబుతున్నారు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. గది ఉక్కగా ఉంది. నేల మీద గీసిన గీతల్లో పిల్లలు దూరదూరంగా కూర్చుని ముందుకి వంగి వింటున్నారు. అందరి మెడల మీదా చెమట. పైన మూడు ఫ్యాన్లూ ఆగి ఉన్నాయి.

కరెంటు ఉంది కదా, వేయడం మరిచిపోయారనుకుని గుమ్మం పక్క స్విచ్చు మీద చెయ్యి వేశాను. గుమ్మం దగ్గర కూర్చున్న ఆ పొడుగు పిల్ల తల అడ్డంగా ఊపింది.

"వద్దు మేడం. మేమే ఆపాం. ఫ్యాను తిరిగితే సారు మాట వినపట్టల్లేదు," అని గొణిగినట్టు చెప్పి, మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

నేను చెయ్యి తీసేసి, చెప్పులు చప్పుడు కాకుండా వరండాలోకి వచ్చేశాను.